విరిగిన మ్యానిఫోల్డ్ స్టడ్, చెయ్యి పట్టని సందు: హెడ్డు దించకముందు చేయాల్సిన పని

దేవరకొండ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. 11 ఏళ్ల డీజిల్ కారు. పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ వెనక టిక్ టిక్ మని శబ్దం, కాస్త వేడెక్కాక మాయం. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్, అంటే సిలిండర్ల పొగను ఒకచోటికి చేర్చి బయటకు పంపే పోత ఇనుప గొట్టాల గుత్తి, దాని ప్యాకింగ్ పోయిందని విప్పించాడు. నట్లన్నీ వచ్చాయి కానీ చివరి సిలిండర్ దగ్గరి 8 ఎంఎం స్టడ్ (తల లేని, రెండు కొసలా మరలున్న బోల్టు) మాత్రం నట్టుతో పాటే తెగి వచ్చింది. మిగిలిన ముక్క ఇంజన్ పై భాగమైన అల్యూమినియం హెడ్డులో, దాని ముఖం కంటే కొంచెం లోపలికి ఉండిపోయింది. ఇంజన్‌కూ క్యాబిన్ గోడకూ మధ్య అరచెయ్యి అడ్డంగా దూరేంత సందు. డ్రిల్ మిషన్ పట్టదు. ఒక మెకానిక్ హెడ్డు దించాలన్నాడు. ఇంకొకాయన ఈజీ-అవుట్ (విరిగిన ముక్కలో రంధ్రం వేసి, అందులో దిగగొట్టి తిప్పే ఎదురు మరల కడ్డీ) కొట్టి తిప్పేద్దాం, అరగంట పని అన్నాడు. ఎవరి మాట వినమంటావు అన్నా, అని ప్రశ్న.

అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. ఇద్దరి మాటా ఇప్పుడే వినకు. హెడ్డు దించడం చివరి దారి. అరగంట పని అన్న మనిషిని మాత్రం బండి దగ్గరకు రానివ్వకు. 30 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. విరిగిన బోల్టు వల్ల పాడైన హెడ్డులు నేను చూసినవి తక్కువ. విరిగిన బోల్టును తొందరపడి తీయబోతే పాడైనవే ఎక్కువ.

ముందుగా ఒక సంగతి ఆలోచించు. ఆ స్టడ్ ఎలా విరిగింది? ఎలా విరిగిందో తెలిస్తే ఎలా వస్తుందో సగం తెలిసినట్టే. బిగించేటప్పుడు ఎక్కువ బలం పెట్టి తెంపిన బోల్టు లోపల వదులుగానే ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే తల పోయింది, లాగి ఉంచిన బిగువు కూడా పోయింది. కొన్నిసార్లు పదునైన సూది మొనతో అంచున పెట్టి తడితే చాలు, దానంతట అదే తిరిగి వస్తుంది. బండి నడుస్తుండగా వేడికి, అదురుకు అలసి విరిగింది రెండో రకం. తెగిన ముఖం మీద పాత మసి ఉంటుంది. ఇది కూడా మరీ మొండిది కాదు. మూడోది విప్పేటప్పుడు తెగినది. తుప్పు పట్టి, మరల్లో కరచుకుపోయి, ఇక తిరగలేక మెడ దగ్గర తెగుతుంది. మొండిది ఇదే. మొత్తం స్టడ్ ఉన్నప్పుడే, పొడుగు పానా వేసినప్పుడే రానిది, ముక్క మిగిలాక ఒక చిన్న పనిముట్టుతో తిప్పితే వస్తుందా? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే ఈజీ-అవుట్ మోజు దానంతట అదే తగ్గుతుంది.

నీ దగ్గర ఉన్న తెగిన ముక్కను పారేయకు. దాని ముఖం చూడు. సగం నల్లగా, సగం తళతళ మెరుస్తూ ఉంటే ఎప్పుడో సగం పగిలి ఉన్నది, మొన్న మిగతా సగం తెగింది. మొత్తం కొత్తగా మెరుస్తుంటే మూడో రకం. నువ్వు చెప్పిన శబ్దాన్ని బట్టి నాకు సగం పగిలిన స్టడ్ అనే అనుమానం. చల్లగా ఉన్నప్పుడు సందు తెరుచుకుని గాలి కొడుతుంది, ఇనుము వ్యాకోచించాక మూసుకుంటుంది. అందుకే వేడెక్కాక శబ్దం పోతుంది.

ఎప్పుడూ చివరిదే ఎందుకు విరుగుతుందని చాలామంది అడుగుతారు. మ్యానిఫోల్డ్ పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. అల్యూమినియం డిగ్రీకి రెట్టింపు వ్యాకోచిస్తుంది, నిజమే. కానీ దాని లోపల నీళ్లు తిరుగుతుంటాయి కాబట్టి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. మ్యానిఫోల్డ్‌కు ఆ అదృష్టం లేదు, అది 500 డిగ్రీలు దాటుతుంది. 40 సెంటీమీటర్ల పొడవున్న మ్యానిఫోల్డ్ అంత వేడికి సుమారు 2 మిల్లీమీటర్లకు పైగా సాగితే, హెడ్డు అర మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే సాగుతుంది. మధ్య స్టడ్లకు ఈ గొడవ తెలియదు. రెండు కొసల దగ్గర మాత్రం రోజూ బండి తీసిన ప్రతిసారీ దాదాపు ముప్పావు మిల్లీమీటరు అటూ ఇటూ గుంజుతుంది. కొసల్లోని రంధ్రాలు కొంచెం పెద్దవిగా పెట్టేది ఇందుకే. ఈ మాట గుర్తు పెట్టుకో, తరువాత మళ్లీ పనికొస్తుంది.

ఇదే ప్రశ్న థర్మోస్టాట్ మూత బోల్టు గురించో, నీళ్ల పంపు బోల్టు గురించో అయితే నా జవాబు వేరుగా ఉండేది. మన దగ్గర ఆ బోల్టులే ఎక్కువ విరుగుతాయి. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడం అలవాటు. ఫ్లోరైడ్ అనగానే దేశమంతా నల్గొండ పేరే చెబుతుంది, పటిక, సున్నం వేసి దాన్ని తీసే పద్ధతికి కూడా నల్గొండ టెక్నిక్ అనే పేరు పెట్టారు. బోల్టులను పట్టేది మాత్రం ఫ్లోరైడ్ కాదు, నీళ్లలోని మిగతా లవణాలు. బోల్టు ఉక్కు, చుట్టూ అల్యూమినియం, మధ్యలో ఉప్పునీటి చెమ్మ. బ్యాటరీకి కావాల్సిన సరంజామా అంతా అక్కడే ఉంది. అల్యూమినియం తినుకుపోయి తెల్లటి పొడిగా మారి బోల్టు మెడ పొడవునా బిగుసుకుంటుంది. 6 ఎంఎం బోల్టు ఎంత, 10 నంబరు పానాతో కొంచెం గట్టిగా లాగితే తెగుతుంది. అక్కడ మరల్లో కాదు, మూత రంధ్రంలోనే బోల్టు అతుక్కుని ఉంటుంది కాబట్టి మూతను వేడి చేసి తడుతూ ముందు దాన్ని ఊడదీస్తే, మిగిలిన పొడుగు ముక్కను ప్లాస్‌తోనే తిప్పి తీయొచ్చు.

సరే, నీ స్టడ్ దగ్గరకు వద్దాం. అసలు పని విరిగిన స్టడ్ మీద కాదు, చోటు మీద మొదలవుతుంది. చోటు లేదని అందరూ అంటారు, చోటు చేసుకునేవాళ్లు తక్కువ. మ్యానిఫోల్డ్ వెనక వైపు ఉన్న కార్లలో వైపర్ల కింద ఉండే ప్లాస్టిక్ పళ్లెం, దాని కింది రేకు తీస్తే పైనుంచి వెలుతురు, ముంజేయి రెండూ దూరతాయి. వైపర్ చేతులు తీసి నాలుగైదు బోల్టులు విప్పితే అరగంటలో అయిపోతుంది. ఈ ఒక్క పని చేయకుండానే హెడ్డు దించాలనే నిర్ణయానికి వచ్చిన షెడ్లు చాలా ఉన్నాయి.

ఇంకా చాలకపోతే ఇంజన్‌ను కొంచెం ముందుకు వాల్చు. ఆయిల్ సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నె) కింద చెక్క పలక పెట్టి జాకీతో ఆసరా ఇచ్చి, ఇంజన్ ముందుకు వెనక్కు ఊగకుండా పట్టే మౌంటు బోల్టు తీస్తే, చాలా బళ్లలో ఇంజన్ పై భాగం అంగుళం నుంచి 2 అంగుళాల దాకా ముందుకు వస్తుంది. చెక్క లేకుండా జాకీ పెడితే సంప్ రేకు లోపలికి నొక్కుకుపోయి ఆయిల్ లాగే గొట్టానికి తగులుతుంది, జాగ్రత్త. వాల్చే ముందు ఏసీ గొట్టాలు, రేడియేటర్ పైపు, సైలెన్సర్ ముందు భాగం, వైర్ల కట్టలు ఎక్కడైనా బిగుస్తున్నాయేమో ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూడు. ఏసీ గొట్టం పగిలితే ఇంకో ఖర్చు. కుడి లేదా ఎడమ ముందు చక్రం తీసి, లోపలి ప్లాస్టిక్ తొడుగు విప్పితే పక్క నుంచి కూడా దారి దొరకవచ్చు. బండి కింద దూరేటప్పుడు జాకీని నమ్మకు, స్టాండ్లు పెట్టు.

చోటు అయ్యాక చూడటం. చిన్న అద్దం ముక్కకు కమ్మీ కట్టుకుని చూడొచ్చు, లేదా ఫోన్‌ను సందులో దించి వీడియో తీసుకో. విరిగిన ముఖం చదునుగా ఉందా, ఏటవాలుగా ఉందా? తరువాత అగ్గిపుల్లను రంధ్రంలోకి దూర్చి, హెడ్డు ముఖం దగ్గర గోటితో నొక్కి గుర్తు పెట్టి బయటకు తీసి కొలువు. ముక్క ఎంత లోపలికి ఉందో ఆ కొలత మీదే మిగతా దారి ఆధారపడి ఉంది. 2 మిల్లీమీటర్ల లోపు ఉంటే వెల్డింగ్. 4 మిల్లీమీటర్లు దాటితే డ్రిల్లింగ్. మధ్యలో ఉంటే నీ ఊళ్లో మంచి వెల్డర్ ఉన్నాడా, మంచి లేత్ మిషన్ ఉందా అన్నదాన్ని బట్టి.

ఏ దారి అయినా ముందు ఒక రాత్రి నానబెట్టాలి. తుప్పు వదిలించే స్ప్రే డబ్బాలు ఏ స్పేర్ పార్ట్స్ దుకాణంలోనైనా దొరుకుతాయి. పాతకాలం మెకానిక్‌లు గేర్ ఆయిల్ కాదు, ఆటోమేటిక్ గేర్ బాక్సుల్లో వాడే పలచటి ఎర్ర ఆయిల్‌ను, అసిటోన్‌ను సగం సగం కలిపి వాడేవారు. నేను ఇప్పటికీ అదే వాడతాను. ఇది కొద్దిసేపట్లో విడిపోతుంది, ప్రతిసారీ కుదిపి పోయాలి. వేడి ఇంజన్ మీద మాత్రం చుక్క కూడా వేయకు, అసిటోన్ పెట్రోలులా అంటుకుంటుంది. కిరోసిన్ పోస్తే చాలంటారు కొందరు. అది మట్టిని కడుగుతుంది, ఇలాంటి మొండి తుప్పుకు అదొక్కటే చాలదు. సాయంత్రం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, పొద్దున ఒకసారి పోసి, పోసిన ప్రతిసారీ ముక్క నడి మధ్యన పొట్టి పంచ్ పెట్టి చిన్న సుత్తితో పదిసార్లు తట్టు. గట్టిగా కాదు, తలుపు తట్టినట్టు. ఆ అదురుకు తుప్పులో పగుళ్లు వచ్చి నూనె లోపలికి దిగుతుంది. రంధ్రం వెనక మూసి ఉంటే, నిండా నూనె నిలబెట్టి గట్టిగా కొట్టకు. నూనె నొక్కుకుపోదు, పలచటి గోడ పగలవచ్చు.

నానబెట్టడం కంటే బలమైనది వేడి. అయితే వేడి చేయాల్సింది స్టడ్‌ను కాదు, దాని చుట్టూ ఉన్న హెడ్డును. అల్యూమినియం ఉక్కు కంటే రెట్టింపు సాగుతుంది కాబట్టి హెడ్డు వేడెక్కితే రంధ్రం పట్టు వదులుతుంది. లెక్క వేస్తే 150 డిగ్రీల దగ్గర 8 ఎంఎం స్టడ్ చుట్టూ వచ్చే సడలింపు మిల్లీమీటరులో వందో వంతు, వెంట్రుక మందంలో ఏడో వంతు. నవ్వొస్తుంది కానీ, తుప్పు బిగువు తెగడానికి అదే చాలు. వేలితో నీటి చుక్క చిలకరిస్తే చుయ్‌మని వెంటనే ఎగిరిపోవాలి, అంతకు మించి వద్దు. అల్యూమినియం ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు. 660 డిగ్రీలు కూడా రాకముందే చెప్పాపెట్టకుండా జారిపోతుంది, అంతకు చాలా ముందే గట్టిదనం పోగొట్టుకుంటుంది. అందుకే ఇరుకు చోట గ్యాస్ మంట కంటే పెయింటర్లు వాడే వేడిగాలి గన్ను మేలు. పది పదిహేను నిమిషాలు పడుతుంది, పట్టనీ. వేడిగా ఉన్నప్పుడే కొవ్వొత్తి కొసను స్టడ్ అంచుకు తాకిస్తే మైనం కరిగి మరల్లోకి పాకుతుంది. దీపం వత్తిలో నూనె పాకినట్టే.

ఇప్పుడు వెల్డింగ్. విరిగిన ముక్క మీద నట్టు అతికించి తిప్పడం నా దృష్టిలో అన్నిటికంటే మంచి పద్ధతి. అది పట్టుకోవడానికి తల ఇస్తుంది, అంతకంటే ముఖ్యంగా స్టడ్ నడి బొడ్డులోకి వేడి పంపుతుంది. వేడెక్కిన స్టడ్ అల్యూమినియాన్ని నెట్టుకుంటూ ఉబ్బి, చల్లారి మళ్లీ కుంచించుకునేసరికి తుప్పు పట్టు నలిగిపోతుంది. హెడ్డు అల్యూమినియం కావడం ఇక్కడ నీ అదృష్టం. ఉక్కు వెల్డింగ్ అల్యూమినియానికి అతుక్కోదు. పోత ఇనుప హెడ్డు అయితే ఇంత ధైర్యంగా చెప్పను.

సీఓటూ వెల్డింగ్ (గ్యాస్ చాటున తీగ దానంతట అదే వస్తూ కరిగే రకం) ఉన్నవాణ్ణి వెతుకు. దాని కొస సన్నగా ఉంటుంది, సందులోకి వంగుతుంది, తీగ సరిగ్గా స్టడ్ మధ్యన దించొచ్చు. ముందు ముక్క మీద చుక్క చుక్కగా పోస్తూ హెడ్డు ముఖం దాకా లేపాలి. తరువాత 8 ఎంఎం నట్టు పెట్టి దాని రంధ్రంలోంచి నింపాలి. మామూలు రాడ్డు వెల్డింగే దొరికితే సన్న రాడ్డు తీసుకుని, పట్టుకునే కొసకు దగ్గరగా వంచుకోమను. వంచిన చోట పూత రాలుతుంది కాబట్టి కాలే కొసకు దూరంగా వంచాలి. అతికాక ఎరుపు పోయే దాకా ఆగి, కొవ్వొత్తి తాకించి, 13 నంబరు రింగు పానా వేసి ముందు బిగించే వైపు పిసరంత కదుపు. అవును, బిగించే వైపే. తరువాత విప్పే వైపు. మళ్లీ బిగించే వైపు. కదలిక మొదలైతే ఇక అది నీదే. పావు చుట్టు బిగించే వైపు, సగం విప్పే వైపు, నూనె, మళ్లీ. ఒకే ఊపున తిప్పితే వేడికి మెత్తబడిన మరలు రాలి స్టడ్‌తో పాటే వస్తాయి. నట్టు ఊడిపోతే విసుగు పడకు. మూడుసార్లు ఊడి నాలుగోసారి వచ్చినవి నా చేతిలో చాలా ఉన్నాయి. ఊడిన ప్రతిసారీ లోపలికి ఇంకో దఫా వేడి వెళ్లినట్టే లెక్క.

వెల్డింగ్ ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీయడం తప్పనిసరి, ఇంజన్ కంప్యూటర్ సాకెట్లు కూడా ఊడదీయి. వెల్డింగ్ మిషన్ ఎర్త్ క్లిప్పును స్టడ్‌కు దగ్గరగా హెడ్డుకే పట్టించు. దూరంగా బాడీకి పట్టిస్తే కరెంటు బేరింగుల గుండా, సన్న తీగల గుండా దారి వెతుక్కుంటుంది. డీజిల్ పైపుల మీద తడి గోనె కప్పు. పక్కన ఒక మనిషి మంటలార్పే సిలిండర్‌తో నిలబడాలి. అంతకు ముందు స్ప్రే చేసిన నూనె, అసిటోన్ అంతా తుడిచి ఆరనివ్వు. సందులో వెల్డింగ్ చేసేవాడికి మంట కనబడదు, కళ్లద్దాల వెనక వాడికి ఆ చుక్క తప్ప ఏమీ కనబడదు.

స్టడ్ 4 మిల్లీమీటర్లు దాటి లోపల ఉంటే డ్రిల్లింగ్ అన్నాను. ఇక్కడ అందరూ చేసే తప్పు మధ్య తప్పడం. తెగిన ముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది, డ్రిల్ బిట్టు జారి మెత్తని అల్యూమినియంలోకి దిగుతుంది. ఒకసారి పక్కకు దిగిందా, ఎన్నిసార్లు వేసినా అదే గుంతలోకి పోతుంది. ఇరుకు సందులో చేత్తో మధ్యన పట్టుకోవడం ఎంత అనుభవం ఉన్నా జరగని పని. అందుకని చేతిని నమ్మకు, దారి చూపే పనిముట్టు చేయించు.

కొన్నేళ్ల క్రితం సరిగ్గా ఇలాంటిదే ఒక వ్యాను నా షెడ్డుకు వచ్చింది. అప్పటికే రెండు చోట్ల చూపించి, ముఖం గీకించి తెచ్చారు. నార్కట్‌పల్లి హైవే పక్కన షెడ్డు నాది, లేత్ లేదు. మిర్యాలగూడ వెళ్లాను. అక్కడ రైసు మిల్లులు ఎన్ని ఉన్నాయో నీకు తెలుసు, వాటి షాఫ్టులు, బుష్‌లు చేసే లేత్ షాపులు కూడా అంతే. ఒక పెద్దాయనకు 8 ఎంఎం బోల్టు ఒకటి ఇచ్చి, నడి మధ్యన నిలువునా 3 ఎంఎం రంధ్రం వేయమన్నాను. దేనికని అడిగాడు. చెప్పాను. బోల్టు తీయడానికి బోల్టే తాళంచెవి అన్నమాట అని నవ్వి, పావుగంటలో తిప్పి ఇచ్చాడు, పైగా తలను పల్చగా కోసి సందుకు సరిపోయేలా చేశాడు. ఆ బోల్టును విరిగిన స్టడ్ పైన ఖాళీగా మిగిలిన మరల్లోకి వేళ్లతో బిగించాను. ఇక బిట్టు ఎటూ జారదు, సరిగ్గా మధ్యలోనే దిగుతుంది. కంటికి కనబడాల్సిన అవసరం కూడా లేదు. అప్పటి నుంచి 6, 8, 10 ఎంఎం మూడు సైజుల్లో అలాంటి బోల్టులు చేయించి డబ్బాలో పెట్టుకున్నాను. డబ్బా చూసి ఇవేమిటి అని అడిగే కుర్రాళ్లే, రెండు రోజుల తరువాత వచ్చి అరువు తీసుకుపోతారు.

స్టడ్ ముఖానికి సమానంగా ఉంటే ఈ ఉపాయం పనిచేయదు. అప్పుడు మ్యానిఫోల్డ్‌ను మిగతా స్టడ్ల మీద తిరిగి నిలబెట్టి, దాని రంధ్రంలో సరిపోయే బుష్ (మధ్యన సన్న రంధ్రం ఉన్న గొట్టం ముక్క) లేత్ మీద చేయించి అందులోంచి డ్రిల్ చేయాలి. కొసల రంధ్రాలు పెద్దవని ముందే చెప్పాను కదా, అందుకని నీ స్టడ్‌కు 8 ఎంఎం లెక్కన చేయించకు, రంధ్రాన్ని కొలిచి చేయించు.

డ్రిల్లింగ్‌కు 90 డిగ్రీలు మళ్లే తలకాయ దొరుకుతుంది, మామూలు డ్రిల్ మిషన్‌కు తగిలించుకోవచ్చు. దానికి పొట్టి బిట్టు వేసుకో. పొట్టివి దొరకకపోతే మామూలు బిట్టును వెనక నుంచి కోసి పొట్టి చేసుకో. కోబాల్ట్ బిట్టు కొను, కొంచెం ధర ఎక్కువైనా. ఎడమ వైపు తిరిగే బిట్టు హైదరాబాద్‌లో దొరికితే ఇంకా మేలు. అది కోస్తూనే స్టడ్‌ను విప్పే వైపు లాగుతుంది, రెండో బిట్టు దగ్గరే ముక్క తిరిగి బయటకు వచ్చేసిన సందర్భాలు ఉన్నాయి. మిషన్‌ను మెల్లగా తిప్పు, గట్టిగా నొక్కు, నూనె చుక్కలు వేస్తూ ఉండు. వేగంగా తిప్పి మెల్లగా నొక్కితే బిట్టు కోయదు, రాస్తుంది, రాసిన చోట ఉక్కు ఇంకా గట్టిపడుతుంది. తెగిన ముక్క పొడవును కొత్త స్టడ్‌తో పోల్చి లోపల ఎంత మిగిలిందో లెక్క కట్టి, బిట్టుకు అంత దూరంలో టేపు చుట్టు. కొన్ని ఇంజన్లలో ఆ రంధ్రం వెనకే నీళ్ల గది ఉంటుంది.

3 తరువాత 5, దాని తరువాత 6.5. అక్కడ ఆగు. 8 ఎంఎం మరకు రంధ్రం కొలత 6.8, కాబట్టి 6.5 వేసేసరికి స్టడ్‌లో మిగిలేది పలచటి గొట్టం, మరల చుట్టు. సూది మొనతో ఒక అంచు లోపలికి మడిచి ప్లాస్‌తో లాగితే స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా వస్తుంది. ఇంత సంతోషం ఇచ్చే పని మా వృత్తిలో ఇంకొకటి లేదు. ఎగ్జాస్ట్ రంధ్రాల్లో ముందే గుడ్డలు కుక్కి, ఎన్ని గుడ్డలు పెట్టావో రాసుకో. టర్బో నోరు కూడా మూసి పెట్టు. అల్యూమినియం పొట్టు అయస్కాంతానికి రాదు, గాలితో ఊదకుండా పీల్చే మిషన్‌తో తీయి.

ఈజీ-అవుట్ గురించి ఇంతసేపూ ఆగాను. నల్గొండలో గడియారం సెంటర్ దగ్గర ఉస్తాద్ కింద పని నేర్చుకునే రోజుల్లో ఒక జీపు హెడ్డులో బోల్టు విరిగింది. ఉస్తాద్ భోజనానికి వెళ్లాడు. ఆయన వచ్చేలోగా తీసి చూపించాలన్న ఉత్సాహంతో రంధ్రం వేసి, ఈజీ-అవుట్ దిగగొట్టి, పానా వేసి తిప్పాను. టప్ మని ఒక చిన్న శబ్దం. ఆ శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది. ఈజీ-అవుట్ చాలా గట్టి ఉక్కు, గాజులా పెళుసు. అది లోపల విరిగితే మామూలు బిట్టు దాని మీద గీత కూడా పెట్టలేదు. పైగా అది కొయ్యమేకులా కొసకు సన్నబడే ఆకారం కాబట్టి దిగగొట్టే కొద్దీ స్టడ్‌ను ఉబ్బించి మరల్లోకి ఇంకా బిగిస్తుంది. ఉస్తాద్ తిరిగి వచ్చి చూసి ఏమీ అనలేదు. హెడ్డు దించి, గోనె సంచిలో కట్టి, నాతోనే బస్సులో హైదరాబాద్ బాలానగర్ పంపాడు. అక్కడ నిప్పురవ్వలతో లోహాన్ని కొరికే మిషన్ మీద తీయించాల్సి వచ్చింది. దారి ఖర్చు ఆయనే ఇచ్చాడు, ఒడిలో హెడ్డు పెట్టుకుని కూర్చున్న ఆ ప్రయాణమే నాకు శిక్ష.

ఈజీ-అవుట్‌కు పని లేదని కాదు. మొదటి రకం, వదులుగా ఉన్న ముక్కలకు బాగా పనికొస్తుంది. వేలి బలంతో తిరిగితే తిప్పు, తిరగకపోతే తీసి పక్కన పెట్టు.

ముక్క వచ్చాక 8 ఎంఎం, 1.25 పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం) ఉన్న ట్యాప్‌ను, అంటే రంధ్రంలో మరలు కోసే పనిముట్టును, చేత్తోనే, నూనెతో, అర చుట్టు ముందుకు పావు వెనక్కు వేసి మరలు శుభ్రం చేయి. కొత్త స్టడ్‌ను వేళ్లతో తిప్పితే చివరిదాకా దిగాలి. మరలు రాలిపోయి ఉంటే బెంగ వద్దు, 8.3 రంధ్రం వేసి హెలికాయిల్ అనే తీగచుట్టు మర పెట్టొచ్చు. దాని ట్యాప్ వేరు, మామూలు ట్యాప్‌తో కుదరదు, సెట్టుగా అమ్ముతారు. అల్యూమినియంలో ఆ ఉక్కు మర అసలుదాని కంటే గట్టిగా నిలుస్తుంది. రంధ్రం పెద్దది చేసి 10 ఎంఎం బోల్టు వేసేద్దామనే సలహా తప్పకుండా వస్తుంది, వినకు. చుట్టూ గోడ పలచబడుతుంది, మ్యానిఫోల్డ్ రంధ్రం కూడా కోయాల్సి వస్తుంది. జిగురు పెట్టి బిగించేవాళ్లను ఏమనాలో తెలియదు, అక్కడ వేడి ఎంతో పైన రాశాను.

బిగించే ముందు మ్యానిఫోల్డ్‌ను బల్ల మీద తిరగేసి, ముఖం పొడవునా ఉక్కు స్కేలును అంచు మీద నిలబెట్టి సందులు చూడు. స్కేలు కింద ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చటి రేకుల కట్ట) ఆకు ఎక్కడ దూరుతుందో అక్కడ వంగింది. స్టడ్ విరిగిన కొస దగ్గరే ఎక్కువ దూరుతుందని నా పందెం. వంగిన మ్యానిఫోల్డ్‌ను కొత్త స్టడ్‌తో లాగి బిగిస్తే ఏడాదిలోగా అదే స్టడ్ మళ్లీ విరుగుతుంది. లేత్ షాపులో ముఖం చదును చేయించు. ఒకటి విరిగిందంటే మిగతావి కూడా అంతే వయసువి, స్టడ్లు, నట్లు అన్నీ కొత్తవి వేయి. స్టడ్ల మీద వేడికి తట్టుకునే రాగి పేస్టు పూసి, మధ్య నుంచి కొసలకు, రెండు దఫాలుగా బిగించు. కంపెనీ పుస్తకంలో ఉన్న టార్క్‌కే (తిప్పే బలం కొలత) బిగించు, 8 ఎంఎం స్టడ్‌కు సాధారణంగా 25 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. పొడుగు పైపు వేసి లాగేవాడి చేతిలోంచి పానా లాక్కో.

మరుసటి రోజు పొద్దున, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఒక అగరుబత్తి వెలిగించి మ్యానిఫోల్డ్ అంచు వెంట మెల్లగా నడిపించు. డీజిల్ పైపుల దరిదాపుల్లోకి పోనివ్వకు, ఎక్కడైనా డీజిల్ చెమ్మ కనిపిస్తే అసలు వెలిగించకు. పొగ నిటారుగా పోతే ప్యాకింగ్ పట్టినట్టు. ఎక్కడైనా పొగ టిక్ టిక్ మని పక్కకు ఎగిరితే అక్కడి నట్టు చూడు.